పసుప్పచ్చ సంచి

పిల్లలతో ఊరికి బయలుదేరడమంటే జబులిలేకి రెండు రోజుల పని. ఒక్కో పిల్లకి ఒక్కో సంచి. ఒక రోజుకి కావలసిన చొక్కా, లాగు, లోపలి బట్టలు కలిపి చుట్ట చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడి వేస్తుంది. అత్తగారి ఊళ్ళో కరెంటు ఉన్నా లేనట్టే. చీకట్లో తడుముకుని ఒక ముడి విప్పితే ఒక రోజు గడిచిపోవాలి, అదీ జబులిలే పద్ధతి. ఆ తర్వాత దారి తిండి. వేయించిన కోడిముక్కలు ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో, ఉడికించిన గుడ్లు, ఉప్పు పొట్లం, ఇంట్లో కాల్చిన రొట్టె. చిన్నది తందోకి కారెక్కితే కడుపులో తిప్పుతుంది కాబట్టి మూత ఉన్న బుల్లి బకెట్, తడి తువ్వాలు.

డిసెంబర్ వచ్చేసరికి తెంబిసాలో వాళ్ళుండే వీధి మొత్తానికి ఇదే పని. జొహన్నెస్‌బర్గ్ చుట్టూ బతుకుతున్న వాళ్ళందరికీ ఎక్కడో ఒక కొండ కింద సొంత ఊరుంటుంది. ఏడాదంతా ఇక్కడ ఎంత గడించినా, ఎంత పోగొట్టుకున్నా, డిసెంబర్లో అక్కడ కనబడకపోతే మనిషి లెక్కలోకి రాడు. జబులిలే మొగుడు ముజీ వాళ్ళ ఊరు మ్సింగా, తుగేలా నది అవతల.

ఈసారీ మంచం మీద మూడు సంచులున్నాయి. ఎనిమిదేళ్ళ మెన్జీది నీలం. మూడేళ్ళ తందోది గులాబీ. నొక్వాందాది పసుప్పచ్చ. నొక్వాందా పోయి ఏడాది అయింది.

పోయిన డిసెంబర్లో ప్రయాణానికి ముందురోజు ఆ పిల్లకి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. మూడో రోజుకి ఆస్పత్రిలో పోయింది, ఆరేళ్ళకే. అంతకుముందు ప్రతి ఏడూ ప్రయాణం నాడు అందరికంటే ముందు తయారయ్యేది అదే. తనని ఎక్కడ మర్చిపోయి వెళ్ళిపోతారోనని గుమ్మం మెట్టు మీద తన సంచి పెట్టుకుని, దాని మీదే కూర్చుని, చెప్పుల మడమలు మెట్టుకేసి టక్ టక్ టక్ మని కొడుతూ ఉండేది. ఆ చప్పుడుకి ముజీ విసుక్కునేవాడు. ఇప్పుడు ఆ చప్పుడు కోసం అతను ఏమైనా ఇస్తాడు.

శవాన్ని అప్పుడే ఊరికి తీసుకెళ్ళి పూడ్చారు. కానీ మనిషి ఎక్కడ పోతే ప్రాణం అక్కడే ఉండిపోతుంది. దాన్ని విడిగా పిలుచుకురావాలి, రేగుముల్లు కొమ్మతో. కిందటేడు ఎవరికీ ఒంట్లో శక్తి లేక ఆ పని జరగలేదు. ఈ ఏడు ముజీ తల్లి ఊరుకోలేదు. తెలిసిన టాక్సీ డ్రైవరు చేతికి కొమ్మ ఇచ్చి పంపింది. దానికి ప్రతి కణుపు దగ్గరా రెండేసి ముళ్ళు, ఒకటి నిటారుగా ముందుకి, ఒకటి వంకరగా వెనక్కి. ఆనక ఫోన్ చేసి కోడలికి అన్నీ చెప్పింది.

"పిల్ల నీ గొంతుకే వస్తుందమ్మాయ్, కొమ్మ నువ్వే పట్టుకో. కొమ్మ ఎత్తినప్పటినుంచి నా ఇంట్లో దించేదాకా పిల్లతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకు. వెనక్కి తిరిగి చూడకు. మలుపు తిరిగితే తిరుగుతున్నామని చెప్పు, నది దాటితే దాటుతున్నామని చెప్పు. చెప్పకపోతే అక్కడే ఆగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పేరు పెట్టి పిలువు. వంశం పేరుతో సహా పిలువు. అక్కడ చాలామంది పిల్లలుంటారు. అందరికీ ఇంటికెళ్ళాలనే ఉంటుంది."

జబులిలే ఒక్క సందేహం అడిగింది. పిల్లకి ఏ సైజు బట్టలు సర్దాలి? బతికుంటే ఈపాటికి ఏడేళ్ళది. ఏది గుర్తుపడుతుందో అదే పెట్టమంది అత్తగారు. అందుకని పాత చుక్కల గౌనే పెట్టింది. బకిల్ చెప్పులు పెట్టింది. మేజోడుతో కుట్టిన కుందేలు బొమ్మ పెట్టింది. అది లేకుండా నొక్వాందా ఏనాడూ నిద్రపోయింది కాదు.

రోజంతా భార్య మాట్లాడకూడదన్న సంగతి విని ముజీ నవ్వబోయాడు. "పెళ్ళయిన పదేళ్ళకి నాకూ ఒక పండగొచ్చింది," అన్నాడు. ఆమె కూడా నవ్వబోయింది. ఇద్దరికీ మధ్యలోనే ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆస్పత్రికెళ్ళారు. డిసెంబర్లో అక్కడి నర్సులకి ఇలాంటి కొమ్మలు అలవాటే. ఒకామె ఏమీ అడగకుండా పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం దగ్గరికి తీసుకెళ్ళి, తెర లాగి వెళ్ళిపోయింది. మంచం ఖాళీగా ఉంది. ఫినాయిలు వాసన. జబులిలే దుప్పటి మీద కొమ్మ ఆనించింది. పేరు పిలవాలి. "నొక్వాందా సితోలే, జోబే వంశపు బిడ్డా, లే, ఇంటికి పోదాం." దారి పొడుగునా వల్లించుకుంటూనే వచ్చింది.

కానీ ఏడాదిగా ఆ పేరు ఆమె నోటంట రాలేదు. ఇంట్లో ఎవరూ ఆమె ఎదుట ఆ పేరు ఎత్తరు. ఇప్పుడు నోరు తెరిచినా రాలేదు. ఒకసారి ప్రయత్నించింది. రెండోసారి ప్రయత్నించింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులో వచ్చిన మాట ఒక్కటే.

"రామ్మా... అమ్మ వచ్చింది. పోదాం రా."

కొమ్మ బరువెక్కింది. నిజంగానే చేతికి తెలిసింది. ఆ తల్లికి అంతకంటే ఏం కావాలి? పేరు పిలవలేదన్న సంగతి మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది. వచ్చేసిందిగా, ఇంకెందుకులే అనుకుంది.

ఇల్లు చేరేసరికి మబ్బు కమ్మి, ఇంకా నాలుగన్నా కాకుండానే చీకటి పడింది. ఉరుములు మొదలయ్యాయి. కరెంటు పోయింది. నొక్వాందా మంచం మీద, పసుప్పచ్చ సంచి పక్కన కొమ్మ పెట్టి, "ఇదుగో నీ మంచం. ఇదుగో నీ సంచి. పొద్దున్నే ఊరికెళ్తున్నాం," అని చెప్పింది. కొవ్వొత్తి వెలిగించి మిగతా సర్దుడు మొదలుపెట్టింది.

వంటింట్లోకి వెళ్ళి గుడ్లు దించి వచ్చేసరికి పసుప్పచ్చ సంచి తెరిచి ఉంది. గౌను కింద పడి ఉంది. కుందేలు బొమ్మ గోడవారకి విసిరేసి ఉంది. బట్టల మధ్యన తందో పాలసీసా.

ఇది తందో పనే అనుకుంది. తిడదామంటే మాట్లాడకూడదు. సీసా తీసి గులాబీ సంచిలో పెట్టింది. గౌను మడిచింది. రొట్టె గుడ్డలో చుట్టి మళ్ళీ వచ్చింది. సీసా మళ్ళీ పసుప్పచ్చ సంచిలో... ఈసారి అడుగున, బట్టల కింద దాచినట్టుగా.

గదిలో ఏదో వాసన. ఫినాయిలు, దాని వెనకాల పులిసిన పాలు. నొక్వాందాకి పాలంటే అసహ్యం. వాసన తగిలితేనే లేచి పోయేది.

అంతలో ఎవరో ఆమె గౌను అంచు పట్టుకుని లాగారు.

మెల్లగా... ఒకసారి. మళ్ళీ ఒకసారి.

జబులిలే కళ్ళు మూసుకుంది. ఒళ్ళంతా సంతోషమే. వచ్చింది, నా తల్లి వచ్చింది, నన్ను ముట్టుకుంది అనుకుంది. తందో ఏమోనని కళ్ళు తెరిచి చూస్తే, తందో పక్క గదిలో వాళ్ళ నాన్న మీదెక్కి నవ్వుతోంది. ఇక్కడెవరూ లేరు.

అప్పుడు అనిపించింది. లాగింది మోకాలి దగ్గర. నొక్వాందా చెయ్యి నడుముకి అందేది.

పోయినవాళ్ళ ఎత్తు ఎవరు కొలిచారు, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ రాత్రి కొమ్మ పక్కనే పడుకుంది. సీసా ఎక్కడుందో మళ్ళీ చూడలేదు.

తెల్లవారేసరికి వాన వెలిసింది. ముజీ సంచులన్నీ డిక్కీలో సర్ది, పసుప్పచ్చదాన్ని మాత్రం వెనక సీట్లో కిటికీ పక్కన పెట్టాడు. అది నొక్వాందా చోటు. మెన్జీ పెద్దరికం తీసుకుని చెల్లెలికి చెప్పులు తొడిగాడు, మూతి తుడిచాడు. జబులిలే కొమ్మ పట్టుకుని అందరి తర్వాత గుమ్మం దిగింది. "మెట్లు దిగుతున్నాం. కారెక్కుతున్నాం," అని చెబుతూ గేటు దాటుతుంటే వెనకనుంచి చప్పుడు వినబడింది.

టక్... టక్... టక్...

రాత్రి వాన నీళ్ళు చూరునుంచి బకెట్లో పడుతున్నాయనుకుంది. వెనక్కి తిరిగి చూడకూడదు. చూడలేదు.

దారిలో హారిస్మిత్ ఊరు దాటేదాకా అంతా బాగానే ఉంది. కొండలు మొదలయ్యాక తందో నసగడం మొదలుపెట్టింది. ఇరుగ్గా ఉందట. అన్న జరిగాడు. అయినా ఇరుగ్గానే ఉందట. పాప తన ఒళ్ళో కూర్చుంటోందట. పాప అంటే ఎవరే అని ముజీ అద్దంలోంచి అడిగితే, కిటికీ పక్కకి వేలు చూపించింది.

"అక్క," అన్నాడు మెన్జీ గుసగుసగా. "నోర్మూసుకో, అది అక్కే."

"అక్క కాదు. నాకంటే చిన్నది."

ముందు సీట్లో జబులిలే కొమ్మని గట్టిగా పట్టుకుంది. ముల్లు దిగింది.

"ఏడుస్తోంది," అంది తందో. "అమ్మ కావాలంటోంది. నేను మా అమ్మని చూపించాను. ఈవిడ కాదంటోంది."

ముజీ భార్య వంక చూశాడు. ఆమె మొహం చూసి వేగం తగ్గించాడు. పేరు పెట్టి పిలువు, అక్కడ చాలామంది పిల్లలుంటారు... అత్తగారి మాట ఇప్పుడు అర్థమైంది. వార్డులో ఎన్ని మంచాలున్నాయి, ఎన్నిటికి తెరలు లాగి ఉన్నాయి, ఏమీ చూసుకోలేదు. అమ్మ వచ్చింది రా అని పిలిచింది. ఆ మాటకి ఏ తల్లిలేని పిల్ల లేచి రాదు?

మరి తన పిల్ల?

ఎదురుగా తుగేలా వంతెన. వానకి నది ఎర్రగా, నిండుగా పారుతోంది. దాటుతున్నామని చెప్పాలి. చెప్పకపోతే వెంట వచ్చిన బిడ్డ ఇక్కడే ఆగిపోతుంది, ఈ నీళ్ళ ఒడ్డున, ఎవరికీ తెలియని చోట. ఆపి వెనక్కి పోదామని నోరు విప్పినా అంతే. తన బిడ్డ కోసం పరాయి బిడ్డని నట్టేట వదిలెయ్యాలి. వంతెన మొదటి స్తంభం వచ్చింది. ఆమె గుండె రెండుగా చీలింది. అది మాట వరసకి కాదు, అంత నొప్పి ఆమెకి కాన్పుల్లో కూడా తెలియదు.

"చిన్నతల్లీ," అంది. "నది దాటుతున్నాం. నీళ్ళు చాలా ఉన్నాయి. భయపడకు, నన్ను పట్టుకో."

మోకాలి దగ్గర గౌను అంచు బిగిసింది.

ఊళ్ళో అంతా సిద్ధంగా ఉంది. మేకని కట్టేశారు, కుండలో బీరు పులిసింది. గుండ్రటి పెద్దింట్లో, వెనక గోడ వారన పోయిన పెద్దల చోటులో అత్తగారు కొమ్మ దించుకుంది. వంశం పేర్లన్నీ వరసగా చదివింది. నొక్వాందా వచ్చిందనీ చోటివ్వండనీ చెప్పింది. పసుప్పచ్చ సంచి కొమ్మ పక్కనే పెట్టించింది. లేచి కోడలి వైపు తిరిగింది.

"ఇంక మాట్లాడొచ్చమ్మాయ్. పేరు పెట్టే పిలిచావుగా?"

"పిలిచానత్తయ్యా," అంది జబులిలే. ఒక రోజు మౌనం తర్వాత మనుషులతో అన్న మొదటి మాట అబద్ధం.

ముసలావిడ ఆమెని కాసేపు చూసి, మేక దగ్గరికి బయటికెళ్ళింది. జబులిలే ఒక్కతే మిగిలింది. లోపల పులిసిన పాల వాసన కొద్దికొద్దిగా నిండుతోంది. అప్పుడే ఫోన్ మోగింది. తెంబిసాలో పక్కింట్లో ఆరు నెలల కిందట కొత్తగా దిగిన మాకుబేకా. ఆవిడకి వీళ్ళ సంగతులేవీ ఇంకా తెలియవు. మొక్కలకి నీళ్ళు పోస్తానని తాళాలు తీసుకుంది.

"అక్కా, క్షేమంగా చేరారా? ఏం లేదు, గుమ్మం మీద ఒక సంచి మర్చిపోయారు. పసుప్పచ్చది."

జబులిలే కొమ్మ వైపు చూసింది. పసుప్పచ్చ సంచి ఎదురుగానే ఉంది.

"లోపల పెడదామంటే దాని మీద కూర్చున్న పిల్ల లేవట్లేదక్కా. మీ చుట్టాలమ్మాయా? ఎక్కడికమ్మా అంటే, ఊరికి అంటోంది. మావాళ్ళు కారు సర్దుతున్నారు, ఇప్పుడు పిలుస్తారు అంటోంది."

"ఫోను..." గాలి చాలలేదు జబులిలేకి. "ఫోను దాని చెవి దగ్గర పెట్టు."

ఏడాదిగా గొంతులో ఇరుక్కున్న పేరు అప్పుడొచ్చింది, వంశంతో సహా. నొక్వాందా సితోలే, జోబే వంశపు బిడ్డా. మళ్ళీ పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకే తెలియదు. చేతిలో కొమ్మ లేదు. కొమ్మ ఇక్కడ వేరే బిడ్డ తలాపిన ఉంది.

ఫోన్లోంచి జవాబు రాలేదు. మెట్టుకేసి మడమలు కొడుతున్న చప్పుడే వస్తోంది, ఓపిగ్గా. టక్... టక్... టక్...

ఆమె వెనక, కొమ్మ పక్కన, పసుప్పచ్చ సంచి జిప్పు మెల్లగా తెరుచుకుంది. తర్వాత ఎవరో ఖాళీ సీసా చప్పరిస్తున్న చప్పుడు.