మూడో ట్రాక్

"కదలకండి, అయిపోయింది," అంటూ డాక్టర్ హయగ్రీవ వకుళ చెవి వెనక సన్నటి పట్టీ అతికించాడు. కృష్ణానగర్ డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి ఉంది వకుళ. ఎదురుగా తెర మీద సించన నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే చాలు, వకుళకి ఒళ్లు మండిపోతుంది.

మండదూ మరి? "నాలుగంతస్తుల కొట్టు" సీరియల్ చూడని ఇల్లు లేదు. నూరేళ్ల కిందటి సికింద్రాబాదు, లిఫ్టూ నిలువుటద్దాలూ ఉన్న పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు, అందులో అత్తర్ల కౌంటర్లో చేరిన మొట్టమొదటి ఆడ ఉద్యోగి పద్మావతి. మొహం బెంగళూరు నుంచి వచ్చిన సించనది, గొంతు మన వకుళది. సించనకి తెలుగు రాదు. సెట్లో ప్రాంప్టర్ మాటలు అందిస్తుంటే పెదవులు కదుపుతుంది, అంతే. ఏడ్చేదీ బతిమాలేదీ కొట్టు యజమాని సేట్‌ని నిలదీసేదీ ఇక్కడ, ఈ గదిలో, వకుళ. అవార్డులు మాత్రం సించనకి. ఆ పిల్ల స్టేజీ మీద "థ్యాంక్యూ ఆల్" అంటుంటే ఇంట్లో సోఫాలో కూర్చుని వకుళ పళ్లు నూరింది. పైగా ఈ మధ్య తెలుగు నేర్చుకుంటోందట. అది కాస్తా వచ్చేసిందంటే వకుళ ముందున్న మైకు పోతుంది. ఇన్నేళ్లుగా ఆవిడకి తెలిసిన పని అదొక్కటే.

"ఈ పట్టీ ఏం చేస్తుందండీ?" అనడిగింది.

"సీరియల్‌కి బొమ్మ ఒక ట్రాక్, శబ్దం ఒక ట్రాక్. ఇది మూడోది. మనసులో ఏ భావం కలిగినా నరాల్లో కరెంటు కొద్దిగా మారుతుంది. పట్టీ దాన్ని రికార్డు చేస్తుంది. ఇళ్లలో చూసేవాళ్లు ఇలాంటిదే పెట్టుకుంటే అదే భావం వాళ్లకీ కలుగుతుంది. మీరు సంతోషిస్తే వాళ్లూ సంతోషిస్తారు."

"మరి సించనకి కదా పెట్టాలి?"

"పెట్టి చూశామండీ. ప్రాంప్టర్ మాట వినబడుతుందో లేదో అన్న బెంగ తప్ప ఇంకేం దొరకలేదు. భావమంతా డబ్బింగ్‌లోనే ఉందన్నారు డైరెక్టర్ గారు."

వకుళకి ఆ మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. అక్కడే అందరూ పప్పులో కాలేశారు. వకుళ పలికేది పద్మావతి మాటలే గానీ, పలుకుతున్నంతసేపూ కళ్లార్పకుండా చూడాల్సింది సించన మొహాన్ని.

ఆ రోజు సీనులో సేట్ పద్మావతిని కౌంటర్‌కి ఇన్‌చార్జిగా నియమిస్తాడు. స్టోరంతా చప్పట్లు. "నాన్నగారికి వెంటనే చెప్పాలి," అంటుంది పద్మావతి మురిసిపోతూ. వకుళ ఆ మాట తేనె పూసినట్టు పలికింది.

ఆ ఎపిసోడ్ ప్రసారమైంది. ఊరు ఊరంతా కుళ్లుకుంది. "అబ్బో, దీనికంత సీనుందా" అని ఇల్లాళ్లు మూతులు తిప్పుకున్నారు. పార్కులో వాకింగ్‌కి వచ్చే పెద్దమనుషులు కూడా, ఆ పిల్ల బాగుపడటం తమకి ఎందుకు గిట్టడం లేదో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాన్ని కొట్టులోంచి గెంటేయమని చానల్‌కి మెసేజీలు వచ్చిపడ్డాయి. చూడటం మాత్రం ఒక్కరూ మానలేదు.

వారం తిరక్కుండా హయగ్రీవ థియేటర్‌కి వచ్చాడు.

"నేనూ పట్టీ పెట్టుకుని చూశానండీ," అన్నాడు నెమ్మదిగా. "సించన నవ్వుతుంటే నాకు కడుపులో మండింది. ఆవిడతో నేనెప్పుడూ మాట్లాడనైనా లేదు. ఆ మంట నాది కాదు కదా."

వకుళ మొహం తిప్పుకుంది. "పాత్రలో అసూయ ఉందేమో. నేను పాత్రలో లీనమైపోతాను."

"ప్రమోషన్ వచ్చింది పద్మావతికే. ఆమె ఎవరిని చూసి అసూయపడాలండీ?"

వకుళ డైలాగు కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

"ఆ అమ్మాయిని తీసేస్తారట. మీరు ఒక్క మాట చెబితే చానల్ వాళ్లకి నేను నచ్చజెబుతాను."

చెప్పడమంటే, నాకు దాని మీద కుళ్లు అని పదిమందిలో ఒప్పుకోవడమే. పైగా ఆ పిల్ల పోతే తెలుగు నేర్చుకునే గొడవే వదులుతుంది. ఇంకో మొహం వస్తుంది, బెంగళూరు నుంచో కొచ్చి నుంచో. దానికీ గొంతు కావాలి.

"నాకేం తెలీదండీ," అంది వకుళ.

వెళ్లిపోయే ముందు సించన థియేటర్‌కి వచ్చింది. "అక్కా, మీ జతలో మాట్లాడాలి అని తెలుగు నేర్చుకున్నా. సరిగ్గా వచ్చే లోపలే పోతున్నా," అంది కళ్లు తుడుచుకుంటూ. ఏడ్చినా దీని మొహం ఇంత బాగుంటుందేమిటి అనుకుంది వకుళ. ఆ వెంటనే సిగ్గేసింది. అయినా నిజం దాచిపెట్టి మైకు వైపు తిరిగింది.

జనానికి అంత కుళ్లు ఎందుకు పుట్టిందని చానల్ వాళ్లు హయగ్రీవని నిలదీశారు. వకుళ ఒప్పుకోకుండా ఆమె పేరు బయటపెట్టడం ఆయనకి ఇష్టం లేకపోయింది. "మొహం ఒకరిదీ గొంతు ఒకరిదీ అయితే మూడో ట్రాక్ పాడవుతుంది. రెండూ ఒకరివే ఉండాలి," అని ఊరుకున్నాడు. వాళ్లు అక్షరాలా అలాగే చేశారు. రాజమండ్రి నుంచి శర్వాణి అనే అమ్మాయిని తీసుకొచ్చారు. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చెవి వెనక పట్టీ పెట్టుకుని తన డబ్బింగ్ తనే చెప్పుకుంటుంది. వకుళకి మేనేజర్ ఫోన్ చేసి, రేపటి నుంచి రానక్కర్లేదండీ అన్నాడు.

కొత్త పద్మావతి వచ్చే రోజున వకుళ మొదటిసారి ఇంట్లో పట్టీ పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. ఎన్ని వంకలు దొరుకుతాయో చూద్దామని. శర్వాణి లిఫ్టు దిగి, అత్తరు సీసా మూత తీసి, "ఇది మల్లె, సేట్‌గారూ," అంది.

వకుళ గుండె నిండిపోయింది. ఎంత చక్కగా అంది, ఎంత బాగుంది, చల్లగా ఉండాలి తల్లీ అనుకుంది. తన మైకు దక్కించుకున్న పిల్లను చూసి పొంగిపోయింది. ఇన్నేళ్లలో ఒకరి బాగు చూసి ఆవిడ అంత హాయిగా నవ్విన రోజు లేదు.

యాడ్స్ వచ్చాయి. వాటికి మూడో ట్రాక్ ఉండదు. ఆ హాయి ఠక్కున ఆగిపోయింది. లోపల్నుంచి తన సొంత మంట పైకి లేచింది. వకుళ చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. పట్టీ ఊడిపోకుండా వేలితో గట్టిగా నొక్కి పట్టుకుని, యాడ్స్ ఎప్పుడవుతాయా అని చూస్తూ కూర్చుంది.