బటన్ పీకేశాక

బటన్ పీకేశాక కూడా పాట మారింది.

టంకం చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే కుర్రాడతను. ఇంటికి రాగానే టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటాడని స్నేహితులు ఆ పేరు పెట్టారు. ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే పెట్టె ఒకటి సొంతంగా చేసుకున్నాడు. చెక్క డబ్బా, లోపల చిన్న బోర్డు, ముందువైపు వాల్యూమ్ నాబ్. పాట మార్చే బటన్ మాత్రం మంచం దగ్గర, గోడ వెంట లాగిన పొడవాటి వైరు చివర ఉండేది. పడుకున్న చోటి నుంచే పాట మార్చుకోవచ్చని బద్ధకం కొద్దీ చేసిన ఏర్పాటు.

వానలు మొదలైనప్పటి నుంచీ ఆ పెట్టెకు ఏదో పట్టింది. లైట్లు వేసే వేళకు మంచి పాట మొదలైతే చాలు, సగంలో టక్కున మారిపోయేది. బటన్ మార్చి చూశాడు. ప్రోగ్రాం తిరగరాశాడు. ఇవాళ విసుగెత్తి బటన్‌నే పీకేశాడు. వైరు కొసలు రెండూ గాల్లో వేలాడుతున్నాయి. నొక్కడానికి అక్కడ ఏమీ లేదు.

మంచం పక్కనున్నది పలుచటి ప్లైవుడ్ గోడ. అవతలి వాటాకు తాళం. అందులో ఉండే ముసలాయన అందులోనే పోయాడని కింది షాపువాళ్ళు అనగా విన్నాడు. ఇప్పుడు ఆ గోడ వెనక ఎవరో ఊపిరి వదిలినట్టయింది. టంకం గోడకు దూరంగా జరిగాడు. రేపే గది ఖాళీ చేసేయాలని అప్పటికప్పుడు నిశ్చయించుకున్నాడు.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒకమ్మాయి. తడిసిన జుట్టు, ముఖం మీదా చేతుల మీదా తెల్లటి పొడి. టంకం రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను గోడకు చెవి ఆనించగానే పాట మార్చేస్తారెందుకండీ? నేను వినడం ఇష్టం లేకపోతే చెప్పండి, మానేస్తాను. ఇలా ఏడిపించడం దేనికి?"

"ఏ గోడకి?"

"ఈ గోడకే. వానలు మొదలైనప్పుడే పక్క వాటాలో దిగాం."

"దానికి తాళం కదా?"

"వానకు తడిసి ముందువైపు తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది, అందుకే తాళం అలాగే ఉంచేశాం. వెనక మెట్ల మీంచి తిరుగుతున్నాం. నన్ను దెయ్యం అనుకున్నారా ఏంటి?"

"అబ్బే," అన్నాడు గొంతు సవరించుకుని. "మరి ఆ పొడి?"

"పళ్ళ సెట్లు చేసే ల్యాబ్‌లో పని నాది. అచ్చులు పోసే ప్లాస్టర్ ఇది."

టంకానికి అప్పుడు వెలిగింది. "ఆ వైరు పక్కన ఒకసారి చెయ్యి పెట్టండి."

పెట్టింది. పాట మారింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ మారింది.

"నేను ముట్టుకోనే లేదే."

"ముట్టుకోనక్కర్లేదు. ఒక చిన్న రెసిస్టర్ వెయ్యడం మర్చిపోయాను. అది లేకపోతే ఈ వైరుకు కుదురుండదు. మనిషి దగ్గరికొస్తే చాలు, బటన్ నొక్కారనుకుంటుంది. మీరు అవతల ఆనుకున్నా దీనికి తెలిసిపోతోంది."

"అయితే అది వేసెయ్యండి."

ఐరన్ వేడెక్కింది. అతని చెయ్యి మాత్రం కదల్లేదు. తను పెట్టెను తిట్టుకున్న సాయంత్రాలన్నీ ఒక మనిషి తన పాటల కోసం గోడ అవతల నిలబడి ఉందన్న సంగతి అతన్ని వదలడం లేదు.

"ఇది వేస్తే మీరు వచ్చారో లేదో నాకు తెలీదు," అన్నాడు. "మీరొస్తే నాకు ఇష్టం."

"ఇప్పుడే పరిచయమైన మనిషితో ఇలా అంటారా?"

"ఇప్పుడేం కాదు. రోజూ వస్తూనే ఉన్నారుగా. మీకిష్టం లేకపోతే చెప్పండి, ఇప్పుడే వేసేస్తాను."

ఆమె తలొంచుకుంది. ఏదో చెప్పబోయింది.

పాట మారింది.

ఇద్దరూ గోడకు దూరంగా, టేబుల్ దగ్గర ఉన్నారు. ఆమె ముఖం పాలిపోయింది.

"మీ ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు గుసగుసగా.

"ఎవరూ లేరు. అమ్మ ఊరెళ్ళింది. రేపు గానీ రాదు."

మళ్ళీ మారింది. టంకం తనకు తెలియకుండానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. ప్లైవుడ్‌ను ఏదో మెల్లగా రాసుకుంటూ పోయిన చప్పుడు.

"బస్సు ముందే దొరికిందే," అంది గోడ. "ఆ అబ్బాయికి ఏదో ఒకటి చెప్పు తల్లీ. ఎంతసేపని ఇలా నిలబడను, నడుం పట్టేస్తోంది."

అమ్మాయి నవ్వు ఆపుకోలేక కొంగులో ముఖం దాచుకుంది. "ముందు ఆ రెసిస్టర్ వెయ్యండి," అంది, పట్టుకున్న చెయ్యి వదలకుండానే. "రేపటి నుంచి నేను తలుపు కొట్టే వస్తాను."