రెండో సంతకం

వాళ్ళ పరిచయమే గొడవతో మొదలైంది. నర్సింగ్ ఆఖరి సంవత్సరం క్లాసులో ఆమె సెలైన్ చుక్కల లెక్క తప్పితే, వెనక బెంచీలోంచి అతను కిసుక్కున నవ్వాడు. క్లాసయ్యాక ఆమె ఎదురుగా వెళ్ళి, అంత వచ్చినవాడివైతే నేర్పమని నిలదీసింది. అతను నిజంగానే నేర్పాడు.

క్యాంటీన్ బల్ల దగ్గర రోజూ అదే పాఠం. ఎక్కించాల్సిన మిల్లీలీటర్లను, మిల్లీలీటరుకు ఇరవై చుక్కల చొప్పున గుణించాలి. వచ్చినదాన్ని నిమిషాలతో భాగించాలి.

"గంటల్ని నిమిషాలు చేశావా, చుక్కమ్మా?" అని ఏడిపించేవాడు. ఆమె అతన్ని మాస్టారూ అనేది. వాన పడే మధ్యాహ్నాల్లో లెక్కలు అయిపోయినా ఇద్దరికీ లేవబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు వార్డులో, గుండె జబ్బున్న పెద్దావిడకు అయిదువందల మిల్లీలీటర్ల సీసా ఎనిమిది గంటల్లో ఎక్కించాల్సి వచ్చింది. లెక్క ఒకరు వేస్తే, రెండోవారు విడిగా వేసి సరిచూసి సంతకం చేయాలి. నిమిషానికి నలభై రెండు చుక్కలని అతను రాసిచ్చాడు. ఆమె కాగితం వైపు కాదు, అతని ముఖం వైపు చూస్తూ సంతకం పెట్టేసింది.

ఎనిమిది గంటలకు బదులు నాలుగే అనుకుని అతను లెక్క కట్టాడు. రావాల్సింది ఇరవై ఒకటే. రెండు గంటలు గడిచేసరికి పెద్దావిడకు ఆయాసం ముంచుకొచ్చింది. వార్డు సిస్టర్ పరుగున వచ్చి సీసా ఆపబట్టి ప్రాణం దక్కింది.

లెక్క ఎవరు వేశారని ప్రిన్సిపాల్ అడిగింది. అతను నేలచూపులు చూస్తూ, "తనే వేసింది మేడమ్. చెబితే నేను రాశానంతే" అన్నాడు.

సరిచూడకుండా సంతకం పెట్టానని మాత్రం ఆమె ఒప్పుకుంది. ఆమెను ఆరు నెలలు మళ్ళీ చదవమన్నారు. ఆ సాయంత్రమే పెద్దావిడ మంచం దగ్గరికెళ్ళి క్షమించమని అడిగింది.

వారం తర్వాత అతను హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. భయపడి అలా అన్నానన్నాడు.

"నువ్వంటే నాకు ప్రాణం. మా అమ్మకు చెప్పాను, ఒప్పుకుంది."

ఆ మాట కోసం ఆమె ఎన్ని వానలు ఎదురుచూసిందో.

"లెక్క నీదని కూడా మీ అమ్మగారికి చెప్పావా?"

అతను చూపు గేటు వైపు తిప్పుకున్నాడు.

"ముందు అది చెప్పు. ప్రిన్సిపాల్‌కి కూడా."

"నెలలో కోర్సయిపోతుంది. ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడెలా చెప్పమంటావు?"

ఆమె తలూపి వెనక్కి తిరిగింది. మెట్ల దగ్గర, పిలుస్తాడేమోనని ఒక్క క్షణం ఆగింది. పిలవలేదు. ఆగినందుకు తన మీద తనకే కోపం వచ్చి, గబగబా మెట్లెక్కింది.