మంట తెలియని చర్మం

“ఇప్పుడు మండుతోందా పైడితల్లీ?”

“మండతంది డాక్టరమ్మా. కుడిపక్క... ఇంకా ఎనక్కి.”

పైడితల్లి బల్లమీద బోర్లా పడుకుని ఉంది. ఆమె గొరిగిన తలమీదికి ఒక యంత్రం మెల్లగా దిగుతోంది. వెడల్పాటి దువ్వెనలా ఉంటుంది కాబట్టి ఆస్పత్రిలో అందరూ దాన్ని దువ్వెన అనే అంటారు. దాని పళ్లు వెంట్రుక కన్నా సన్నని సూదులు, ఎనిమిది వేలు. ఒక్కో సూదీ ఒక్కో వెంట్రుక కుదురు పక్కన ఆగి అక్కడి వేడినీ, వాపు పుట్టించే రసాయనాలనూ కొలిచి తెరమీద ఒక చుక్క పెడుతుంది. బాగున్నచోట ఆకుపచ్చ, వాపు మొదలైనచోట పసుపు, లోపల చీము చేరినచోట ఎరుపు. మంట ఎక్కడుందో రోగి కూడా చెప్పాలి కనుక పూర్తిగా నిద్రపుచ్చరు.

పైడితల్లి నడినెత్తి అంతా ఎర్రగా ఉంది.

విశాఖపట్నంలో సిటీ బస్సులు డ్రైవర్లు లేకుండా తిరగబట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. లోపల మనిషనేవాడు లేకపోతే జనం ఎక్కడం లేదని కండక్టర్లను మాత్రం ఉంచారు. పైడితల్లి అలాంటి కండక్టరు. పదకొండేళ్లుగా ఆమె తలలో పుండ్లు. ఒకచోట మానితే ఇంకోచోట లేచేవి. మానినచోట వెంట్రుక మొలిచేది కాదు, నున్నటి మచ్చ మిగిలేది. చర్మం ముక్క తీసి పరీక్షలు చేశారు, రకరకాల యాంటీబయాటిక్స్ వాడారు. మందు ఆపగానే మళ్లీ మొదలు. తలకు గుడ్డ కట్టుకుని డ్యూటీకి వెళ్లేది. వాసన తగిలి దగ్గర కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోతుంటే చూడనట్టు ముఖం తిప్పుకునేది.

డాక్టర్ ఇందుమతి కుర్చీ దగ్గరికి లాక్కుంది. “రక్తంలో క్రిములతో పోరాడే నీ తెల్లకణాలు అతిగా రెచ్చిపోయి కుదుళ్లను పాడుచేస్తున్నాయమ్మా. ఎర్రగా ఉన్న చర్మమంతా కోసి తీసేస్తాను. నీ చెవి వెనక తీసిన కణాలనే కొంచెం మార్చి కొత్త చర్మం పెంచాం. అది అతికిస్తాను. అది తెల్లకణాలను పిలవదు. మంట రాదు, చీము రాదు.”

“నెత్తి ఒలిసేస్తారా?”

“తలకి మాత్రం మత్తు సూది వేస్తాను. నొప్పి తెలియదు.”

నొప్పి తెలియలేదు. చప్పుడు తెలిసింది. తడి గోనెసంచి చింపినట్టు ఆ చప్పుడు పుర్రె లోపల్నుంచి వినిపించింది. తన తలమీది తోలు తనది కాకుండా పోతోందని ఆమెకు అర్థమవుతూనే ఉంది. బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఇంటిదేవతల పేర్లన్నీ తలుచుకుంది.

నాలుగు నెలలకు జుట్టు మొలిచింది. గుడ్డ తీసేసింది. ఏడో నెలలో ఒక ఉదయం జ్వరంతో లేవలేకపోయింది. భర్త అప్పలస్వామి తల దువ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఒలే, ఇక్కడ తడేటే?”

“ఏటో, నాకేటీ తెలవడం నేదు.”

జుట్టు పాయ తీసి చూశాడు. చిన్న కన్నం. చుట్టూ ఎరుపు లేదు, వాపు లేదు. లోపల ఏదో తెల్లగా కనబడింది. అది ఎముక అని తెలిసి వెంటనే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

ఆస్పత్రిలో దువ్వెన దించారు. తెరంతా ఆకుపచ్చ. ఒక్క పసుపు చుక్కయినా లేదు.

“మరి బాగానే ఉన్నట్టేనా అమ్మా?” అన్నాడు అప్పలస్వామి ఆశగా.

డాక్టర్ ఇందుమతి చేతొడుగు వేసుకుని కన్నంలో వేలు పెట్టింది. వేలు సగం దాకా చర్మం కిందికి దిగిపోయింది.

“నొప్పిగా ఉందా?”

“నేదమ్మా.”

ఇందుమతికి విషయం అర్థమైంది. తలపిన్ను గీసుకున్న గాయంలోంచి క్రిములు దిగి, నెలరోజులుగా ఎముకను తింటున్నాయి. ఎవరూ అడ్డురాలేదు. తెల్లకణాలను పిలవని చర్మం కాపాడమని కూడా పిలవలేదు. వాపునే వెతికే యంత్రానికి అక్కడ వెతకడానికేమీ దొరకలేదు. ఇలాంటి చర్మం అతికించుకున్నవాళ్లు ఇంకా నలభై ఒక్కమంది ఉన్నారు.

“తప్పు నాదే పైడితల్లీ,” అందామె. “పాడైన ఎముక తీసేస్తాను. చర్మానికి మళ్లీ పిలిచే గుణం వచ్చేలా మందు ఎక్కిస్తాను. అది పనిచేస్తే పాత జబ్బు తిరిగి రావచ్చు.”

“పనిచెయ్యకపోతే?”

“మెదడుకు పాకుతుంది.”

“ఎక్కించండి,” అంది పైడితల్లి.

ఆపరేషన్ అయింది. మూడు రోజులు అప్పలస్వామి గంటకోసారి కట్టు పక్క చర్మం నొక్కి “నొప్పెడతందా?” అని అడిగాడు. లేదంది. ఈలోగా వార్డు నిండింది. మిగిలినవాళ్లనూ పిలిపించారు. పదిమందికి అప్పటికే కన్నాలున్నాయి. అందరికీ అదే మందు ఎక్కించారు.

నాలుగోరోజు పొద్దున అతను నొక్కగానే పైడితల్లి కెవ్వున అరిచింది. చుట్టూ ఎర్రగా ఉబ్బింది. కట్టుమీద పసుపు మరక.

“సీము పట్టింది డాక్టరమ్మా!” అప్పలస్వామి సంబరంగా వరండాలోకి పరుగెత్తాడు. “మా ఆడదానికి సీము పట్టింది!”

వార్డులో ఒక్కొక్కరే మంచాలు దిగి వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు. పక్కమంచం పెద్దావిడ తన నెత్తిని రెండు చేతులతో నొక్కుకుంటూ, కన్నీళ్లతో అడిగింది.

“నాకింకా ఏమీ నొప్పి లేదమ్మా. మందు పనిచేస్తోందని మొదట ఎలా తెలుస్తుంది, చెప్పవూ?”