స్తంభం పక్క కంప్యూటరు

రండర్రా, దగ్గరకు జరగండి. గోడ వార కూర్చున్న వాళ్ళు కూడా ఇటు వచ్చేయండి, చాప మీద చాలా చోటుంది. కరెంటు వచ్చేలోగా ఒక కథ అయిపోతుంది. ఇది దెయ్యం కథే. కానీ ఇందులో భయం కంటే ముందు కంపు వస్తుంది. ముక్కు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి, నేనేమీ అనుకోను.

హైదరాబాదులో కొత్తగూడ చౌరస్తా ఉంది. పైన ఫ్లైఓవరు, కింద ఎప్పుడూ హారన్లు. ఆ పక్క సందులో ఒక టిఫిన్ సెంటర్, దాని పైన ఒక చిన్న ఆఫీసు. కోకాపేటలో ఇంకా లేవని మేడలను లేచినట్టే చూపించే వీడియోలు తయారు చేస్తారక్కడ. హాల్లో ఎండ ఎలా పడుతుంది, బాల్కనీలోంచి చెరువు ఎలా కనపడుతుంది... అన్నీ కంప్యూటరులోనే.

ఆ ఆఫీసులో స్తంభం పక్కన ఒక సీటు. దానికి మంచి పేరు లేదు.

పగలు ఏమీ ఉండదట. రాత్రి పెద్ద పని పెట్టి వదిలారా, ఎవరో ఆయాసంతో ఊపిరి లాగుతున్నట్టు చప్పుడు. కాళ్ళకు వెచ్చటి గాలి. ఆ తరవాత వాసన... చచ్చినదాన్ని ఎవరో సన్న మంట మీద ఉడకబెడుతున్నట్టు.

"ఎవరో ఒకాయన ఆ సీట్లోనే పని చేస్తూ చేస్తూ పోయాడంట" అనేవారు. ఎవరాయన? పేరేమిటి? ఎవరికీ తెలియదు. పేరు తెలియని మనిషిని దెయ్యం చెయ్యడం ఎంత సులువో చూశారా!

అంతకు ముందు స్వాతి అనే అమ్మాయి ఆ సీట్లో కూర్చునేది. ఒక రాత్రి వాంతి చేసుకుని ఇంటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆమె స్థానంలో వచ్చింది ఉమాశ్రీ.

ఈ ఉమాశ్రీ పిన్ని సరోజమ్మ గారు పక్క ఊరి బడిలో టీచరు. ఆవిడ నాకు చెప్పిందే మీకు చెబుతున్నాను.

ఉమాశ్రీది పాలకొల్లు. ఆఫీసు యజమాని భాస్కర్ ముందే చెప్పాడు: "నెల రోజులు చూస్తానమ్మా. పని నచ్చితేనే ఉద్యోగం." ఈ పిల్లేమో ఉద్యోగం ఖాయమైపోయిందని ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది. అమ్మ వీధంతా స్వీట్లు పంచేసింది. ఇక వెనక్కి వెళ్ళి ఏ మొహం చూపిస్తుంది?

నెల చివర్లో ఒక వీడియో పని వచ్చి పడింది. తెల్లారేసరికి పూర్తి కావాలి. అంత పని మోయగలిగిన కంప్యూటరు ఆఫీసంతా కలిపి ఒక్కటే— స్తంభం పక్కది.

ఆ కంప్యూటరు డబ్బాకు చుట్టూ పసుపు దారం. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు భాస్కర్ తన చేత్తో అన్ని కంప్యూటర్లకూ కట్టాడు. మళ్ళీ దసరా దాకా తెంపకూడదని ఆయన మాట. ఈ డబ్బాను చూసి జనం భయపడుతున్నారని తెలిసి, ప్రతి శుక్రవారం దాని నెత్తిన లడ్డూ, కొబ్బరిముక్క పెట్టడం మొదలెట్టాడు. భయం పెరిగే కొద్దీ లడ్డూ సైజు పెరిగింది. తెల్లారేసరికి ప్రసాదం మాయం! దేవుడు స్వీకరించాడని భాస్కర్. దెయ్యం తింటోందని మిగతావాళ్ళు.

ఆ రాత్రి ఉమాశ్రీకి తోడుగా జాన్సన్ ఉన్నాడు. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేది అతనే. ఏ కంప్యూటరు నెమ్మదించినా సెట్టింగుల్లోకి దూరిపోయి ప్రాసెసర్ వేగం పెంచేస్తాడు, కరెంటు ఇంకాస్త ఎక్కిస్తాడు. అదొక పిచ్చి.

పని మొదలైంది. కాసేపు బాగానే నడిచింది. తరవాత...

హూ... హూ... హూ...

"జాన్సన్ గారూ... వినిపిస్తోందా అండీ?"

"ఫికర్ చెయ్యకు మేడం. ఫ్యాను గంతే. జర స్పీడ్ తగ్గింది, పెంచుత ఆగు."

పెంచాడు. వాసన వచ్చింది. ఇంకా పెంచాడు. వాసన గొంతులోకి దిగింది. తెర మీద పని మాత్రం ముందుకు వెళ్ళడం లేదు. చీమ నడిచినట్టు... ఆగి... మళ్ళీ నడిచి...

ప్రాసెసర్ అంటే కంప్యూటరులో లెక్కలు చేసే చిప్పు. పని ఎక్కువైతే వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తుంది. అప్పుడు ఇంకా కరెంటు ఎక్కిస్తే? జ్వరం వచ్చినవాడి ముక్కు మూసి పరుగెత్తమన్నట్టు. జాన్సన్ చేస్తున్నది అదే. పాపం, తెలియక కాదు. డబ్బా విప్పి చూడాలని అతనికీ ఉంది.

"మరి విప్పవచ్చు కదండీ?" అంది ఉమాశ్రీ.

జాన్సన్ గొంతు తగ్గించాడు. "దారం ఉంది కద మేడం. మేం చర్చికి పోయేటోళ్ళం. ఇది నేను తెంపిననుకో, రేపు ఆఫీసుల బల్బు మాడినా జాన్సన్ దారం తెంపిండు, అందుకే మాడిందంటరు. నాతోని కాదు."

అని, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, చాయ్ తెస్తానని కిందికి వెళ్ళాడు.

ఉమాశ్రీ ఒక్కతే.

లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. అయినా స్తంభం నీడ బల్ల కిందికి పడుతోంది. డబ్బా అక్కడే...

హూ... హూ... ఫట్.

హూ... ఫట్... ఫట్.

ఆమె పాదం మీద ఏదో పడింది. వెచ్చగా. జిగటగా.

చూసింది. గోధుమరంగు చుక్క. అందులో... సన్నటి వెంట్రుకలు.

వేలితో తుడిచి వాసన చూసింది. ఎందుకు చూసిందో! నెయ్యి, కుళ్ళు, ఉచ్చ— మూడూ కలిసిన కంపు. తిన్న ఇడ్లీ నోటిదాకా వచ్చింది. మింగింది.

అప్పుడు డబ్బా లోపలి నుంచి, చాలా సన్నగా—

కిచ్...

కిర్రుమంటూ ఫ్యాను అరిచింది. తెర నల్లబడింది. కంప్యూటరు ఆరిపోయింది.

నిశ్శబ్దం. ఫ్యాను ఆగింది. ఊపిరి ఆగింది. కానీ పసుపు దారం... కదులుతోంది. లోపలి నుంచి ఎవరో వేలితో లాగుతున్నట్టు.

లేచి పారిపోదామనుకుంది. మెట్ల దాకా వెళ్ళింది కూడా. అమ్మ పంచిన స్వీట్లు గుర్తొచ్చాయి. ఆగింది.

జాన్సన్ చాయ్ గ్లాసులతో ఎదురొచ్చాడు. "ఏంది మేడం, గిట్ల చెమటలు పట్టినయ్?"

"కత్తెర ఇవ్వండి."

"సార్ ఊకోడు."

"ఈ కంపులో దేవుణ్ణి కూర్చోబెట్టడం కంటే దారం తెంపడమే నయమండీ. నేను తెంపుతాను. అడిగితే నా పేరే చెప్పండి."

ముందు ప్లగ్గు పీకేశారు. మీరూ గుర్తుంచుకోండి, ప్లగ్గు పీకకుండా ఏ కంప్యూటరూ విప్పకూడదు. తరవాత ఉమాశ్రీ ఒకసారి దండం పెట్టుకుని, దారం తెంపింది. జాన్సన్ పక్క రేకు లాగాడు.

ఛీ!

ఏదో మెత్తగా ఆమె చేతి మీదుగా పరుగెత్తి బల్లల కింద మాయమైంది.

లోపల దేవుడి పటం దగ్గరి గుడ్డపీలికలు, వత్తులు, అట్టముక్కలతో ఒక గూడు. గూట్లో కళ్ళు తెరవని ఎర్రటి ఎలుకపిల్లలు, ఒకదాని మీద ఒకటి, పురుగుల్లా మెసులుతున్నాయి. డబ్బా పైకప్పు జల్లెడలా చిల్లులు. శుక్రవారం లడ్డూలు పొడిపొడిగా ఆ చిల్లుల్లోంచి రాలి, వేడికి కరిగి, బూజు పట్టి, పాకంలా అడుగంతా పారాయి. అందులో బొద్దింకలు అంటుకుని కాళ్ళు ఆడిస్తున్నాయి. ప్రాసెసర్ మీది ఫ్యానులో... ఒక చచ్చిన ఎలుక. ఎన్నాళ్ళదో. ఎండి, ఉడికి, మళ్ళీ ఎండి. దాని తోక ఫ్యాను రెక్కకు తగిలినప్పుడల్లా— ఫట్... ఫట్.

జాన్సన్ రేకు కింద పడేశాడు. "ఛీ థూ... దీనికా నేను ఇన్ని దినాలు స్పీడ్ పెంచింది!"

నోటికి గుడ్డలు కట్టుకుని శుభ్రం చేశారు. పిల్లల్ని గూడుతో సహా అట్టపెట్టెలో పెట్టి, కింద ఖాళీ స్థలంలో వదిలారు. ఆ చచ్చిన ఎలుకను మాత్రం కవరులో మూట కట్టి ఉంచింది ఉమాశ్రీ. సాక్ష్యం కావాలి కదా.

జాన్సన్ తను పెంచిన సెట్టింగులన్నీ తీసేసి, మొదట్లో ఎలా ఉన్నాయో అలా పెట్టాడు. స్విచ్ వేశాడు.

చప్పుడు లేదు. కంపు తగ్గింది. పని చకచకా నడిచింది. తెల్లారేసరికి కోకాపేట మేడ మీద సూర్యుడు ఉదయించాడు— వీడియోలో.

భాస్కర్ వచ్చాడు. వీడియో చూడలేదు. దారం చూశాడు.

"ఎవరు తెంపారు?"

జాన్సన్ తల దించుకున్నాడు.

"నేనేనండి," అంది ఉమాశ్రీ.

"నెల కూడా నిండలేదు, అప్పుడే నా మాట లెక్కలేదా? సామాన్లు సర్దుకో—"

ఆమె కవరు మూతి విప్పి ఆయన ముందు పెట్టింది.

భాస్కర్ గోడ పట్టుకున్నాడు. ఓక్... ఓక్... అంటూ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. కాసేపటికి మూతి తుడుచుకుని తిరిగొచ్చాడు. కళ్ళలో నీళ్ళు. అంత నిశ్శబ్దం ఆ ఆఫీసులో ఎప్పుడూ లేదట.

ఆ నిశ్శబ్దంలో... భాస్కర్ సొంత గదిలోంచి. అన్నిటికంటే మందంగా దారం చుట్టిన ఆయన కంప్యూటరు. దాని నెత్తిన ఆయన రోజూ పెట్టుకునే టిఫిన్ డబ్బా. అక్కడి నుంచి—

కిచ్.

మళ్ళీ... కిచ్ కిచ్.

భాస్కర్ తన టిఫిన్ డబ్బా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత మెల్లగా చెయ్యి చాపాడు.

"అమ్మా ఉమాశ్రీ... నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు గానీ... ఆ కత్తెర ఇటియ్యి."

అదుగో, కరెంటు వచ్చింది. లేవండి లేవండి, అమ్మలు ఎదురు చూస్తుంటారు. ఇళ్ళకు పోయి అన్నాలు తినండి. ఏరా, మొహం అలా పెట్టావేం? కడుపు తిప్పుతోందా? తిప్పినా తినాలి. చేతులు సబ్బుతో కడుక్కోండి. గిన్నె మూత తీశాక మాత్రం, ముద్ద కలిపే ముందు, లోపలికి ఒక్కసారి బాగా చూడండి.