వెనక్కి వచ్చిన పాలు

ఆ పొద్దున మొఘల్‌పురా గల్లీలోకి తీసుకెళ్లిన పాలు తీసుకెళ్లినట్టే తిరిగి వచ్చాయి. పదమూడు ఇళ్ల ముందు నిలబడి పిలిచినా, ఒక్క ఇల్లాలూ గిన్నె పట్టుకుని బయటికి రాలేదు... ఆండాలు బిందె దించి వాకిట్లో గోడకు ఆనుకుని కూలబడింది. నాలుగు బర్రెల పాలతో బతికే ఇల్లు అది. తమ్ముడు బాలనర్సింహ బిందెలోకి తొంగి చూశాడు. అతని భార్య పుష్పమ్మ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి వచ్చింది.

“ఏందిది? ఒక్కరు గూడ తీసుకోలేదా?”

“మొదలు షౌకత్ బీ ఖాలమ్మ వద్దన్నది. ఇగ అందరు వద్దన్నరు,” అంది ఆండాలు.

ఎందుకో ముగ్గురికీ తెలుసు. షౌకత్ బీ ఆ గల్లీకంతా పెద్దదిక్కు. ఆమె కూతురు కుల్సుమ్ పెళ్లికి పాలు ఎక్కువ కావాలన్నారని, ముందురోజు ఆండాలు రెండోసారి బిందె ఎత్తుకుని వెళ్లింది. బాలనర్సింహ దాణా కోసం బేగంబజార్‌కు బయలుదేరి, సరిగ్గా ఆ గుమ్మం ముందే అక్కకు ఎదురుపడ్డాడు. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే వెళ్లిన పని చెడుతుందని అతని నమ్మకం. “పొద్దుగాల్నే ఎదురొచ్చినవా, ముండా” అని నలుగురూ వినేలా అరిచాడు. లోపల పెళ్లిపాటలు పాడుతున్న ఆడవాళ్లు ఒక్కసారిగా ఊరుకున్నారు. పర్దా వెనక నుంచి షౌకత్ బీ గొంతు వినిపించింది.

“బాలనర్సింహా, నా మొగుడు పోయి పన్నెండేండ్లాయె. నన్ను గూడ గిట్లనే అంటవా?”

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో అది కొత్త మాట కాదమ్మా! ఆండాలుకు పదిహేనో ఏట భర్త పోయాడు. బోసి నుదుటితో పుట్టింటికి వచ్చిన నాటి నుంచి తండ్రి ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి, ఆ మాటతోనే పిలిచాడు. తల్లిలేని పదేళ్ల తమ్ముడికి నీళ్లు పోసి, అన్నం కలిపి పెట్టి, జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని పెంచింది ఆమే. తండ్రి పోయాక బర్రెల కొట్టంతో పాటు ఆ మాట కూడా తమ్ముడికి దక్కింది. బర్రె తన్నినా అదే మాట, కూర మాడినా అదే మాట. పంతొమ్మిదేళ్లు... విన్నప్పుడల్లా ఆమె చెవులు వేడెక్కేవి. చేతిలో పని మాత్రం ఆగేది కాదు.

మూడు రోజులు పాలు విరిగిపోయాయి. మూడో రోజు పుష్పమ్మ రెండే కంచాలు పెట్టింది.

“ఇంట్ల ముచ్చట గల్లీల పెట్టి మమ్ముల నవ్వులపాలు జేసినవు. ఇగ తిండి గూడ మేమే పెట్టాల్నా?”

“నేనెవ్వరికీ చెప్పుకోలేదు, పుష్పా.”

“చెప్పకుంటే గామెకేం పట్టింది?”

బాలనర్సింహ ముద్ద మింగాడు. ఆండాలు కొట్టంలోకి వెళ్లి బర్రె మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

మర్నాడు ఆమె షౌకత్ బీ ఇంటికి వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

“ఖాలమ్మా, పాలు తీసుకో.”

“ఆడు వచ్చి తప్పైందని చెప్తే తీసుకుంట. నీ కోసమే గదా, బేటీ?”

“నువ్వు నా కోసమే చేసినవు. అక్కడ నా కంచం ఎత్తేసిండ్రు, ఖాలమ్మా.”

షౌకత్ బీ చేతిలో తిరుగుతున్న తస్బీ పూసలు ఆగిపోయాయి. కళ్లు తుడుచుకుని, “ఆణ్ని పంపు. మెల్లగనే మాట్లాడుత,” అంది.

ఆండాలు వెంట బాలనర్సింహ వచ్చాడు. పర్దా ఇవతల నిలబడి తప్పైందన్నాడు.

“నాకు గాదు. మీ అక్కకు చెప్పు.”

అతను అక్క వైపు తిరిగాడు. ఆమె పాదాలు చూశాడు. పెదవులు కదలలేదు. చెమట పట్టిన ఆ మొహాన్ని ఆమె చూడలేకపోయింది.

“ఇంట్ల చెప్పిండు, ఖాలమ్మా. నాకు చెప్పిండు,” అని అబద్ధం ఆడింది.

పాలు మళ్లీ గల్లీలోకి వెళ్లాయి. ఆ మాట ఇంట్లోంచి పోయింది. కానీ దాని చోటికి మరే పిలుపూ రాలేదు. అక్కా అనడానికి అతనికి నోరు రాదు. అనవలసింది భార్యతో అనేవాడు, ఆమె లేకపోతే గోడతో అనేవాడు. వంటింట్లో ఇద్దరి మాటలు వినిపిస్తుంటే, ఆండాలు వాకిట్లో పిడకలు కొడుతూ ఉండేది. తిట్టయినా తననే చూసి తిట్టేవాడు కదా అని ఒకరోజు ఆమెకు అనిపించింది. అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది...

ప్రపంచ యుద్ధం మొదలైన యేడు వానాకాలంలో పట్నంలో గత్తర, అంటే కలరా, లేచింది. బాలనర్సింహకు పొద్దున వాంతులు మొదలై, మధ్యాహ్నానికి కళ్లు లోతుకు పోయాయి. పుష్పమ్మ భయంతో గుమ్మం దగ్గరే కొయ్యబారింది. ఆండాలే బట్టలు మార్చింది, నేల కడిగింది, చెంచాతో నీళ్లు పోసింది. అతను ఆమె కొంగు పట్టుకున్నాడు.

“అక్కా...”

ఎన్నో ఏళ్ల తర్వాత విన్న పిలుపు! ఆమె అతని తల ఒళ్లోకి తీసుకుంది.

“నేను పోతే పుష్పను అందరు గదే మాట అంటరు. నేను నిన్ను అన్న మాటే... అననియ్యకు, అక్కా.”

“మాట్లాడకు, తమ్మీ. నీళ్లు తాగు.”

అతను నీళ్లు తాగలేదు.

పదో రోజు కర్మకు పుష్పమ్మ మేనమామ దుర్గయ్య వచ్చాడు. బర్రెల సంగతి, ఇంటి సంగతి తానే చూసుకుంటానని నలుగురి ముందూ మాట ఇచ్చాడు. భోజనాలయ్యాక అతను పైపంచె దులుపుకుని బయలుదేరుతుంటే, గాజులు లేని చేతులతో పుష్పమ్మ నీళ్ల చెంబు తీసుకుని ఎదురొచ్చింది.

“ఏందే, నేను పొయ్యేటప్పుడే ఎదురుగ రావాల్నా? ముం...”

ఆండాలు ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మనిషి.

“మామా, మా ఇంట్ల ఆ మాట అనరు.”

“నాకు చెప్పేదానివి నువ్వా? ఇగ మీ దిక్కే చూడ. మీ చావు మీరు చావుండ్రి.”

“గట్లనే కానియ్యి. పుష్పను మాత్రం అననియ్య.”

దుర్గయ్య వెళ్లిపోయాడు. అతని వెంట తక్కిన చుట్టాలూ లేచారు. ఖాళీ అయిన వాకిట్లో పుష్పమ్మ చెంబు కింద పెట్టి, ఆండాలు చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

“వదినా, నీ కంచం తీసిన చెయ్యి ఇది...”

“ఊకో. పాలు పిండే యాళ్లయింది.”

నెల తిరిగాక ఇద్దరూ చెరో బిందె ఎత్తుకుని గల్లీలోకి వచ్చారు. మూల ఇంట్లోంచి గుమాస్తా వైకుంఠం కచేరీకి బయలుదేరుతున్నాడు. ఎదురుగా వస్తున్న ఇద్దరినీ చూసి గడప మీదే ఆగాడు. పెదవి కదిలింది. షౌకత్ బీ ఇంటి పర్దా వైపు ఓసారి చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగి లోపలికి వెళ్లి, వాళ్లు దాటిపోయేదాకా తలుపు వేసుకున్నాడు.

పుష్పమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నడు,” అంది ఆండాలు. “పాలు విరుగుతయి.”