చల్లటి పొగ

పొద్దున పది గంటలకు వాటర్ ప్లాంట్ ల్యాబ్‌లో చీఫ్ కెమిస్ట్‌ను ఎవరో సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చి చంపారు. పదకొండింటికి సీక్రెట్ సర్వీస్ బాస్ ఏజెంట్ డేగను పిలిపించాడు.

"పోయింది మీ అన్న. ఏడవడానికి టైం లేదు. విదేశీ ముఠా అక్కడ విషవాయువు డివైస్ పెట్టింది. పన్నెండుకు పేలుతుంది. పంప్ హౌస్‌లో మన ఏజెంట్ నెమలి ఉంది. కోడ్ వర్డ్, 'వాల్వ్ లీకవుతోంది'."

డేగ కళ్లు తుడుచుకుని బయల్దేరాడు.

మెకానిక్ వేషంలో వెళ్లి పంప్ హౌస్ తలుపు తట్టి కోడ్ వర్డ్ చెప్పాడు. ఎర్ర సిల్కు గౌనులో మెరిసిపోతూ తలుపు తీసిన మనిషిని చూసి కొయ్యబారిపోయాడు.

"వదినా! నెమలివి నువ్వా?"

"నేనే మరిదీ. చేతులెత్తు."

ఆమె చేతిలో సైలెన్సర్ పిస్టల్. అన్నను కాటేసింది ఇంట్లో పామే!

బల్ల మీద గాజు ఫ్లాస్కు బుడబుడమంటూ తెల్లటి పొగ కక్కుతోంది.

"రియాక్షన్ మొదలైంది. ముట్టుకున్నావా, పేలుతుంది. నన్ను గేటు దాటించు, ఆపడం ఎలాగో చెబుతా."

డేగ ఫ్లాస్కు మీదికి వంగాడు. మొహానికి చలి కొట్టింది. వాసన లేదు. గాజుకు బయట చెమట పట్టింది. నీళ్ల అడుగున తెల్లటి గడ్డలు అరిగిపోతున్నాయి. డ్రై ఐస్, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్! గడ్డ గాలవుతోంది, అంతే. రూపం మారింది గానీ పదార్థం మారలేదు.

మరి అసలుదెక్కడ? ముక్కుకు సన్నటి ఘాటు తగిలింది. పంపు వెనక స్టీలు డ్రమ్ము. పైనున్న సీసాలోంచి ఏదో ద్రవం గొట్టం గుండా అందులోకి చుక్కచుక్కగా పడుతోంది. డ్రమ్ము పెయింట్ పొక్కి నల్లబడింది. కింద మంట లేదు, హీటర్ లేదు. వేడి లోపలే పుడుతోంది. వేడితోపాటు కొత్త వాసన, అంటే కొత్త పదార్థం. రియాక్షన్ జరుగుతున్నది అక్కడ!

"నాటకం రక్తికట్టింది వదినా!"

ఫ్లాస్కు ఎత్తి ఆమె మీదికి విసిరాడు. గుండు గురి తప్పి గోడలో దిగింది. పిస్టల్‌ను కాలితో తన్ని, ఒక్క దూకులో గొట్టం కుళాయి బిగించాడు. చివరి చుక్క ఊగి, ఆగిపోయింది. పన్నెండుకు ఇంకా రెండు సెకన్లు.

ఆమెకు బేడీలు వేసి బాస్‌కు ఫోన్ చేశాడు.

"డివైస్ ఆగింది సార్. హంతకురాలు నెమలే."

"ఛీ! ఏమంటోంది?"

డేగ ఆమెవైపు చూశాడు. ఆమె కళ్లతోనే కాల్చేస్తోంది.

"ఇది ఇంటిగొడవట సార్. బయటివాళ్లు తలదూర్చొద్దంటోంది."